ముందు ఎవరూ నిలబడలేదు

బ్రాక్‌సైడ్, లాంకషైర్
9 ఏప్రిల్ 1967, ఆదివారం

ప్రియమైన విల్ఫ్,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. నాన్న చదువుకుని ఎప్పటిలాగే పనిముట్ల పెట్టెలో దాచుకున్నాడు. నువ్వు పంపిన సాసేజీల డబ్బా ఇంకా తెరవలేదు.

నాన్న సొంతంగా కట్టుకున్న కారు కదిలింది. ముందు ఆ మాట చెప్పాలి. నిన్న మధ్యాహ్నం నాన్న దాన్ని షెడ్డులోంచి తీసి మొదటిసారి పెద్ద రోడ్డు ఎక్కించాడు. ఇన్నేళ్ళుగా వంటింటి బల్ల మీద ముక్కలు ముక్కలుగా చూసినదాంట్లో కూర్చోవడం వింతగా ఉంది. అది ఎంత కిందికి ఉందంటే, పేవ్‌మెంటు మీద నడిచే కుక్క నా మొహంలోకి సూటిగా చూసింది. అమ్మ స్కార్ఫు తలకి కట్టుకున్నాను. నాన్న ఈల వేశాడు. అమ్మ పోయాక ఆయన ఈల నేను వినలేదు.

చర్చి మూల దగ్గర బొగ్గుల థ్రెల్ఫాల్ లారీ అడ్డం వచ్చింది. మేము పెద్ద రోడ్డు మీద వెళ్తూ కుడివైపు సందులోకి తిరగాలి. ఆయన ఆ సందు మొదట్లో ఆగి ఉన్నాడు. మేము తిరుగుతుండగా బయటికి వచ్చేశాడు. గుద్దుకోవడం పెద్దదేం కాదు, నెమ్మదిగానే వెళ్తున్నాం. కుడివైపు ముందు మడ్‌గార్డ్ ఫైబర్ గ్లాసు సాలెగూడులా చిట్లింది. ఆ వైపు హెడ్‌లైటు పోయింది. లారీ మెట్టు మీద ఆకుపచ్చ గీత పడింది. అంతే. నాకేం కాలేదు.

తరవాత ఇద్దరూ దిగారు. జరిగింది నేను రాయలేను. ఇంజిన్ తిప్పే ఇనప హ్యాండిల్ ఇప్పుడు పోలీసు స్టేషన్లో ఉంది. నాన్న చొక్కా నిండా రక్తం. ఉప్పునీళ్ళలో నానబెట్టాను, మరక ఇంకా పూర్తిగా వదల్లేదు. నాన్న ఇవాళ చర్చిలో పూజకి కూడా రాలేదు.

నువ్వు కంగారు పడకు.

నీ చెల్లెలు,
ఆగ్నెస్


జర్మనీ, సైన్యం వర్క్‌షాపు నుంచి
14 ఏప్రిల్

ఆగ్నెస్,

కంగారు పడొద్దా? మన నాన్నని నడిరోడ్డు మీద ఇనప హ్యాండిల్‌తో చావబాదితే నేనిక్కడ కూచుని కంగారు పడొద్దా?

నీ ఉత్తరం చదివి కాంటీన్‌కి వెళ్ళాను. స్టబ్స్ అని ఒకడున్నాడు, "ఏంట్రా గిల్లో, ఎవరైనా చచ్చారా ఏంటి, ఆ మొహం?" అని పళ్ళికిలించాడు. ఇప్పుడు ఇకిలించడానికి వాడికి ముందు పన్ను లేదు. నాకు వారం రోజులు అంట్లు తోమే పని పడింది. తోముతాను. హాయిగా ఉంది.

హెరాల్డ్ థ్రెల్ఫాల్! తడి బొగ్గు తూచి అమ్మే వెధవ. మన చిన్నప్పుడు అమ్మ వాడితో ఎన్నిసార్లు పోట్లాడిందో నీకు గుర్తుండదు. తప్పు తనది పెట్టుకుని, ముసలాయన మీద చెయ్యి ఎత్తాడా? నేనుంటే ఆ హ్యాండిల్ వాడి చేతే మింగించేవాణ్ణి. నేను లేను కాబట్టి నార్మన్‌కి రాశాను. నార్మన్ కాటెరాల్, నాతో ఫుట్‌బాల్ ఆడేవాడు, ఇప్పుడు కబేళాలో పని. "వెళ్ళి మా తరఫున మాట్లాడు" అని రాశాను. నార్మన్ ఎలా మాట్లాడతాడో నీకు తెలుసుగా.

ఇంక కారు సంగతి. నాన్న ఇండికేటర్ వేసే ఉంటాడు, మన తప్పు అనడానికి ఎవడికీ వీల్లేదు. స్టీరింగు పక్కన ఉండే ఆ ఇండికేటర్ కాడ పోయిన సెలవులో నేనే తుక్కు వ్యానులోంచి పీకి బిగించాను. మంచి సరుకు. పైకీ కిందికీ వేస్తే ఇండికేటర్, తనవైపు లాగితే హెడ్‌లైట్లు తళుక్కుమంటాయి. అన్నీ ఒక్క కాడలోనే. నేను కారు వెనక నిలబడి చూశాను. కుడి దీపం ఎంత ముద్దుగా కన్ను కొట్టిందనుకున్నావు!

నాన్నకి కుట్లు పడ్డాయా? ఏది ఎక్కడ పగిలిందో రాయి. నువ్వు టెలిగ్రాం ఇచ్చినట్టు రాస్తావు. సగం నువ్వు రాస్తే మిగతా సగం నేను కల్పించుకోవాలి.

నాన్న చెయ్యి పట్టుకుని, విల్ఫ్ అన్నీ చూసుకుంటాడని చెప్పు.

విల్ఫ్


బ్రాక్‌సైడ్
19 ఏప్రిల్, బుధవారం

విల్ఫ్,

ఆ రక్తం నాన్నది కాదు. థ్రెల్ఫాల్‌ది.

నాన్నకి గీత కూడా పడలేదు. కొట్టింది నాన్న. నేను సిగ్గుపడి రాయలేదు. పైకి చదవడానికి సిగ్గేసే మాట ఏదైనా వ్యాసంలో ఉంటే కొట్టేయమనేది బళ్ళో సిస్టర్ ఇమెల్డా. నేను కొట్టేశాను. ఇప్పుడు అంతా రాస్తాను.

థ్రెల్ఫాల్ నవ్వుతూ దిగాడు. "ఏరా జో, ఇదేనా నీ రేసు కారు? సబ్బుపెట్టెకి చక్రాలు పెట్టారనుకున్నా!" అన్నాడు. నాన్న మడ్‌గార్డ్ చిట్లిన చోట వేళ్ళతో తడుముతున్నాడు. తల ఎత్తకుండానే, "కళ్ళెక్కడ పెట్టుకున్నావు? నేను తిరుగుతున్నాను కదా" అన్నాడు.

"నువ్వే కదరా లైటు కొట్టి నన్ను రమ్మన్నావు!"

"నేను లైటు కొట్టలేదు."

"కొట్టావు. రెండు లైట్లూ. లైటు కొడితే 'నువ్వు ముందు పో' అనే కదా ఎవడైనా అనుకునేది? నువ్వు పొమ్మన్నావు, నేను వచ్చాను."

"కొట్టలేదన్నాను."

"అబద్ధమెందుకురా జో, కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని?"

నాన్న సీటు వెనక చెయ్యి పెట్టాడు. హ్యాండిల్ తీశాడు. మొదటి దెబ్బ దవడ మీద పడింది. తడి కట్టె విరిగినట్టు చప్పుడైంది. థ్రెల్ఫాల్ మోకాళ్ళ మీద కూలి, రోడ్డు మీదికి పళ్ళు ఉమ్మాడు. రెండో దెబ్బ భుజం మీద. మూడోది నెత్తి మీద పడేదే. నేను నాన్న చెయ్యి పట్టుకుని వేలాడాను. రక్తం అంటిన నా తెల్ల గ్లవ్స్ తరవాత పారేశాను. థ్రెల్ఫాల్ నోట్లోంచి రక్తం కారుతున్నా, "కొట్టావు... లైటు కొట్టావు" అంటూనే ఉన్నాడు.

నీ ఉత్తరం నాకు నిన్న సాయంత్రం అందింది. నార్మన్‌కి రాసింది ముందే అందింది. నిన్న మధ్యాహ్నం వాడు నేను పనిచేసే లైబ్రరీకి వచ్చి కౌంటర్ మీద మోచేతులు ఆనించాడు.

"ఏమ్మా ఆగ్నెస్, మీ అన్నకి రాసెయ్, పనైపోయిందని."

"ఏం పని?"

"లారీ వెనక తలుపు చూశావా ఎప్పుడైనా? భలే బరువు. దాని సందులో ఎవరైనా చెయ్యి పెడతారా చెప్పు? థ్రెల్ఫాల్ పెట్టాడు పాపం." వాడు గొంతు తగ్గించాడు. "నేనే పెట్టించాను. రెండుసార్లు."

తరవాత కౌబాయ్ నవల ఒకటి తీసుకున్నాడు. నేను ముద్ర వేసి ఇచ్చాను. ముద్ర అట్ట మీద పడింది.

విరిగింది థ్రెల్ఫాల్ కుడి చెయ్యి. బస్తాలెత్తే చెయ్యి. తలుపు జారిపడిందని పోలీసులకి చెప్పాడట. కానీ గిల్లోల పేరు చెప్పి ఒకడు వచ్చి వెళ్ళాడని ఆయన కొడుకు డెరెక్‌కి తెలుసు.

మే 12న కోర్టు. కొట్టినందుకు నాన్న మీద కేసు. చూసుకోకుండా రోడ్డెక్కినందుకు థ్రెల్ఫాల్ మీద కేసు. అది రుజువైతే ఆయన లైసెన్సు పోతుంది. ఆ తరవాత ఆ ఇల్లు దేనితో గడుస్తుందో నాకు తెలియదు.

దయచేసి ఇంకెవరికీ రాయకు.

ఆగ్నెస్


జర్మనీ
24 ఏప్రిల్

ఆగ్నెస్,

సరే. తప్పు జరిగింది. కానీ నా ఒక్కడిదేనా? "నాన్న చొక్కా నిండా రక్తం" అని రాస్తే ప్రపంచంలో ఏ కొడుకైనా ఏమనుకుంటాడు? "నాన్న వాణ్ణి కొట్టాడు" అని ఒక్క ముక్క రాస్తే నీ సిరా అయిపోయేదా?

నార్మన్ అంత పని చేస్తాడనుకోలేదు. మాట్లాడమన్నాను, అంతే. అలా అనుకోలేదని రాస్తున్నాను గానీ, అంట్లు తోముతూ ఆలోచిస్తే, అనుకున్నాననే అనిపిస్తోంది. నిన్న స్టబ్స్‌గాడు సూపు తాగలేక తిప్పలు పడుతుంటే మొహం తిప్పుకున్నాను.

అయినా ఒకటి చెప్పు. థ్రెల్ఫాల్ నాన్నని నడిరోడ్డు మీద అబద్ధాలకోరన్నాడు. నాన్న మనకి ఏం నేర్పాడు? చిన్నప్పుడు నేను కిటికీ అద్దం పగలగొట్టి పిల్లి మీద పెడితే, కొట్టింది అద్దానికి కాదు, పిల్లి మీద పెట్టినందుకు. అలాంటి మనిషిని పట్టుకుని అబద్ధమంటే చెయ్యి లేవదా? నాన్న లైటు కొట్టలేదంటే కొట్టలేదు. ఆ కాడని తనవైపు లాగితే తప్ప లైట్లు వెలగవు. మలుపులో ఎవడు లాగుతాడు? థ్రెల్ఫాల్ తప్పించుకోవడానికి అల్లిన కథ అది.

నువ్వే చూడు. షెడ్డులోకి వెళ్ళి డ్రైవరు సీట్లో కూచో. తాళం తిప్పు. కాడ కుడికి వెయ్యి. ఇండికేటర్ తప్ప ఏదీ వెలగదు. కోర్టులో ఆ మాట చెప్పు. నువ్వు చూశానంటే జడ్జీ అయినా నమ్ముతాడు, నీ మొహం అలాంటిది.

ఇక్కడ వాన. బూట్లలో కప్పలు కాపురం పెట్టేలా ఉన్నాయి.

విల్ఫ్


బ్రాక్‌సైడ్
30 ఏప్రిల్, ఆదివారం

ప్రియమైన విల్ఫ్,

ఈసారి ఏదీ వదలకుండా రాస్తాను.

బుధవారం పొద్దున నాన్న పావురాలకి గింజలు వేయడానికి వెళ్ళాడు. గూడు తలుపు తెరిచి ఉంది. లోపల ఒక్కటీ లేదు. అన్నీ షెడ్డులో ఉన్నాయి, కారు డ్రైవరు సీటు మీద, మెడలు తిప్పేసి, వరసగా పేర్చి. ఒకదానికి ఇంకా రెక్క కొట్టుకుంటోంది. నాన్న దాన్ని నేలకేసి కొట్టి చంపాడు. పందెంలో ఫ్రాన్సు నుంచి ఎగిరొచ్చిన నీలం ఆడపావురాన్ని కోటు జేబులో పెట్టుకుని పనికి వెళ్ళిపోయాడు. మిగతావాటిని నేను పూడ్చాను. డెరెక్ బొగ్గు వేళ్ళ గుర్తులు షెడ్డు తలుపు మీద ఉన్నాయి. నాన్న వాటిని తుడవనివ్వలేదు.

ఆ సాయంత్రం సీటు కడిగి నేను అందులో కూర్చున్నాను. నువ్వు చెప్పినట్టే తాళం తిప్పాను. కాడ కుడికి వేశాను.

ఎదురుగా గోడ మీద వెలుగు పడింది. ఒక్క క్షణం. గోడకి వేలాడుతున్న రంపం నీడ కూడా కనిపించింది.

పొరపాటున నావైపు లాగానేమో అనుకున్నాను. ఒక్క వేలితో, లాగకుండా, మళ్ళీ వేశాను. మళ్ళీ వెలుగు. ఎడమకి వేస్తే ఏమీ లేదు. కుడికి వేసిన ప్రతిసారీ, మిగిలిన ఆ ఒక్క హెడ్‌లైటు తళుక్కుమంది. రెండోది పగలక ముందు రెండూ వెలిగే ఉంటాయి. పగటిపూట సీట్లో కూర్చున్నవాళ్ళకి అది తెలియదు. ఎదుట ఉన్నవాడికి తెలుస్తుంది.

థ్రెల్ఫాల్ నిజం చెప్పాడు, విల్ఫ్. నిజం చెప్పినందుకు నాన్న ఆయన మొహం పగలగొట్టాడు. నిజం చెప్పినందుకే నార్మన్ ఆయన చెయ్యి విరిచాడు.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. చేప వడ్డించి, కూర్చోకుండానే చెప్పాను.

"నాన్నా, కారు లైటు కొడుతోంది. కుడికి వేసినప్పుడల్లా."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"ఎవరూ కాదు. చూశాను. నువ్వూ వచ్చి చూడు."

"ఆ కారు నేను కట్టాను. ప్రతి మరా నా చేత్తో బిగించాను. అది ఏం చేస్తుందో నాకు చూపించేదానివా?"

"తీగలు విల్ఫ్ బిగించాడు."

నాన్న నన్ను కొట్టాడు. ఎడమ చెంప మీద, అరచేత్తో. నేను వెళ్ళి పొయ్యికి తగిలాను. పళ్ళెం పగిలింది. నాన్న తన చెయ్యి వంక చూసుకున్నాడు. తరవాత కూర్చుని, నేల మీద పడ్డ చేప తీసుకుని తిన్నాడు, పింగాణీ ముక్కలు ఏరుకుంటూ. "చూడను" అన్నాడు.

మే 12న బైబిలు మీద చెయ్యి పెట్టి లైటు కొట్టలేదని చెప్తాడు. తను నిజమే చెప్తున్నానని నమ్ముతూ చెప్తాడు. థ్రెల్ఫాల్ లైసెన్సు పోతుంది. డెరెక్ మళ్ళీ వస్తాడు. ఈసారి పావురాలు లేవు.

నేనేం చేయాలి?

ఆగ్నెస్


జర్మనీ
5 మే

ఆగ్నెస్,

నీ ఉత్తరం అందిన రోజు బల్ల మీద కాగితం పెట్టుకుని ఆ కాడ బొమ్మ గీశాను. నువ్వు చెప్పింది నిజం. ఆ కాడ స్టీరింగుకి ఎడమవైపు ఉండాల్సింది. నాన్నకి కుడివైపు అందుతుందని తిప్పి బిగించాను. తిప్పేసరికి, కుడికి వేస్తే లోపలి రేకు వెళ్ళి హెడ్‌లైటు రేకుకి తగులుతుంది. అప్పటికి హెడ్‌లైట్లు రాలేదు. తీగల చివర "దీపం" అని కాగితం ముక్కలు కట్టి సెలవు అయిపోయి వచ్చేశాను. అవి వచ్చాక నాన్న బిగించుకున్నాడు. నేను వెనక నిలబడి చూశాను. ముందు ఎవరూ నిలబడలేదు.

ఇంటి షెడ్డులో ఇద్దరు మనుషులు చెరో నెలలో బిగించిన కారు ఇంతే. ఇక్కడ వర్క్‌షాపులో ఈ పని చేస్తే సార్జెంటు నా చెవులు కోసేవాడు.

ఇప్పుడు శ్రద్ధగా విను. స్టీరింగు కింద తల పెట్టి చూడు. కాడ నుంచి వచ్చే తీగల్లో తెల్ల గీత ఉన్న నీలం తీగ ఒకటుంది. దాన్ని పట్టుకుని లాగెయ్. ఊడొస్తుంది. అంతే. ఇంక ఆ కారు ఎప్పుడూ లైటు కొట్టలేదు. పోలీసులు చూసినా ఏమీ ఉండదు. నాన్నని కొట్టడానికి రెచ్చగొట్టింది థ్రెల్ఫాల్ అబద్ధమే అవుతుంది, జడ్జీ జరిమానాతో సరిపెడతాడు. లేకపోతే నాన్న జైలుకి పోతాడు, ఆగ్నెస్. ఆ వయసులో. నార్మన్ సంగతి తవ్వితే నేనూ పోతాను.

నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఒక్క తీగ.

ఈ ఉత్తరం పొయ్యిలో పడెయ్.

విల్ఫ్


బ్రాక్‌సైడ్
16 మే, మంగళవారం

ప్రియమైన విల్ఫ్,

ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటాయి. కొంచెం కొంచెంగా మూడు రోజులుగా రాస్తున్నాను.

తీగ చూశాను. పట్టుకున్నాను కూడా. లాగలేదు.

కోర్టుకి ముందు రోజు, గురువారం, నాన్న పనిలో ఉండగా కారు తీసుకుని థ్రెల్ఫాల్ బొగ్గు యార్డుకి వెళ్ళాను. నాది నేర్చుకునేవాళ్ళ లైసెన్సు, పక్కన ఎవరూ లేకుండా నేను నడపకూడదని తెలుసు. గేరు మార్చినప్పుడల్లా ఇంజిన్ అరిచింది. థ్రెల్ఫాల్ కాటా పక్కన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. దవడకి వైరు కట్టారు, పళ్ళ సందుల్లోంచి మాట్లాడతాడు. చెయ్యి మోచేతిదాకా సిమెంటు కట్టులో ఉంది. డెరెక్ సుత్తితో బొగ్గు పెళ్ళలు పగలగొడుతున్నాడు.

"ఆ కారేసుకుని మా గుమ్మంలోకి వస్తావా?" అన్నాడు డెరెక్. "నీకేమైనా సిగ్గుందా?"

మాటలతో చెప్పడం నా వల్ల కాదు. నీకు తెలుసు నా సంగతి. కారు ముక్కు థ్రెల్ఫాల్‌కి ఎదురుగా తిప్పి ఆపాను. కాడ కుడికి వేశాను.

ఆయన మొహం మీద వెలుగు పడింది. ఆయన లేచాడు.

"మళ్ళీ" అన్నాడు.

వేశాను.

"ఇప్పుడు లైటు స్విచ్చి వేశావా?"

తల అడ్డంగా ఊపి, రెండో చెయ్యి పైకెత్తి చూపించాను. మళ్ళీ వేశాను. ఆయన ఇంటి కిటికీ వైపు తిరిగి, వైరు కట్టిన నోటితోనే కేకలు పెట్టాడు. "మేగీ! ఏయ్ మేగీ! రావే, వచ్చి చూడు! అబద్ధమన్నావే, చూడు! కొట్టిందా లేదా? అబద్ధం చెప్పానా నేను?" పెళ్ళాం కూడా నమ్మలేదు ఆయన్ని. పెదవుల మీద మళ్ళీ రక్తం వచ్చింది. ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు.

డెరెక్‌కి తెలిసింది మాత్రం ఒక్కటే. ఇంతకాలం తన తండ్రి ఊరికే దెబ్బలు తిన్నాడని. వాడు సుత్తి తీసుకుని వచ్చాడు. మొదటి దెబ్బకి ఆ మిగిలిన హెడ్‌లైటు పోయింది. తరవాత బానెట్. ఫైబర్ గ్లాసు పెంకుల్లా లేచింది. తరవాత ముందు అద్దం. గాజు నా జుట్టులో, ఒళ్ళో పడింది. థ్రెల్ఫాల్ "ఆపరా!" అంటున్నాడు. డెరెక్ నా వైపు వచ్చాడు.

"దిగు."

నేను దిగలేదు. నాన్న కాడ సంగతి ఇంకా చూడలేదు. అందుకని దిగలేదు. వాడి చూపు కాడ మీదికి వెళ్ళింది. నేను దాని మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆగుతాడనుకున్నాను.

నా వేళ్ళు, కాడ ఒకే దెబ్బకి విరిగాయి. నొప్పి వెంటనే రాలేదు, చప్పుడు ముందు వచ్చింది. "మా నాన్న చెయ్యి" అన్నాడు డెరెక్. అరవలేదు, మామూలుగా అన్నాడు. అప్పుడు థ్రెల్ఫాల్ వెనక నుంచి వాడి మెడ దొరకబుచ్చుకుని, ఉన్న ఒక్క చేత్తో బొగ్గు గుట్ట మీదికి విసిరి, పొట్టలో తన్నాడు. కొడుకుని. పెద్ద బూటుతో.

వీధిలో ఎవరో చెప్తే నాన్న పరిగెత్తుకుని వచ్చాడు. ముందు కారు చూశాడు. తరవాత నా చెయ్యి చూశాడు. తరవాత పార అందుకున్నాడు. డెరెక్ బొగ్గు మీద ముడుచుకుని పడున్నాడు, తల పైకే ఉంది. పార లేచింది.

"నాన్నా, కారెక్కు!" అన్నాను.

అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు, విల్ఫ్. యార్డులో అందరూ నా వైపు చూశారు. నాన్న కూడా. పార పట్టుకునే వచ్చి, నేను పక్కకి జరిగితే గాజు మీద కూర్చున్నాడు. విరిగిన కాడ మొదలు పట్టుకుని కుడికి తిప్పాడు. ఏమీ వెలగలేదు. వెలగడానికి ఏమీ మిగల్లేదు.

"ఏది?" అన్నాడు నాన్న. "ఏది వెలిగింది?"

"వెలిగింది, జో" అన్నాడు థ్రెల్ఫాల్.

"నేను చూడలేదు."

"రమ్మన్నప్పుడు రాలేదు నువ్వు" అన్నాను.

నాన్న పార కింద పెట్టాడు. నా చేతికి తన రుమాలు చుట్టి, ఆస్పత్రిదాకా నడిపించాడు.

మర్నాడు కోర్టులో నన్ను పిలిచారు. గట్టిగా మాట్లాడమని గుమాస్తా రెండుసార్లు అన్నాడు. అంతా చెప్పాను. కాడ ఎలా వెలిగిందో, ఎవరు దేనితో ఎక్కడ కొట్టారో, పావురాల సంగతి, డెరెక్ సుత్తి సంగతి, పక్కన ఎవరూ లేకుండా నేను కారు నడిపిన సంగతి. థ్రెల్ఫాల్ చెయ్యి ఎలా విరిగిందో తెలుసా అని అడిగారు. నార్మన్ కాటెరాల్ అని చెప్పాను. అతనికి ఎవరు చెప్పారు అని అడిగారు. మా అన్నయ్య అని చెప్పాను.

కూతురు చెప్పినదానికి అభ్యంతరం ఉందా అని నాన్నని అడిగారు. నాన్న బోను కమ్మీ పట్టుకున్నాడు. "నేను చూడలేదు" అన్నాడు. "పిల్ల చూసింది."

థ్రెల్ఫాల్ మీద కేసు కొట్టేశారు. నాన్నకి మూడు నెలల జైలు. నార్మన్‌నీ డెరెక్‌నీ ఆ సాయంత్రమే తీసుకెళ్ళారు. నాన్నని కిందికి తీసుకుపోతుంటే ఆగి, "ఏమైనా తిన్నావా?" అని అడిగాడు. లేదన్నాను. "తిను" అన్నాడు.

నీతో చెప్పకుండా నీ పేరు చెప్పాను. నిన్ను అడిగితే వద్దనేవాడివి, అప్పుడు కూడా చెప్పేదాన్ని. నీ ఉత్తరాలు ఏవీ కాల్చలేదు. ఇమ్మంటే ఇస్తాను.

నీ మీద కోపం లేదు. భయం ఉండేది, ఇప్పుడు అదీ లేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. షెడ్డుకి తాళం వేయడం లేదు.

నీ చెల్లెలు,
ఆగ్నెస్


జర్మనీ
23 మే

ఆగ్నెస్,

నీ ఉత్తరం చదివి లాకరు తలుపు గుద్దాను. తలుపు సొట్టపోయింది, నా చెయ్యి వాచింది. సొంత చెల్లెలు, అన్నాను పైకే. స్టబ్స్ పక్క మంచం మీద ఉన్నాడు. వాడు లేచి వెళ్ళి నీళ్ళు తెచ్చి నా చెయ్యి అందులో పెట్టాడు. వాడి నోట్లో ఆ సందు దగ్గరగా కనిపించింది. అదంత పెద్దదని నాకు తెలియదు.

నిన్న మిలిటరీ పోలీసులు ఇద్దరు వచ్చారు. నార్మన్ కాటెరాల్ ఎవరో తెలుసా అన్నారు. తెలుసన్నాను. ఏమని రాశావు అన్నారు. చెప్పాను. "మాట్లాడమన్నావా, కొట్టమన్నావా?" అని అడిగాడు అందులో పెద్దాయన. మాట్లాడమని రాశాను, కొడతాడని తెలిసి రాశాను అన్నాను. ఆయన కలం ఆపి నా మొహం చూశాడు. అలా చెప్పేవాళ్ళు ఎక్కువమంది ఉండరనుకుంటాను. వచ్చేవారం నన్ను ఇంగ్లండు పంపుతున్నారు, పక్కన కాపలాతో. మన ఇంటికి కాదు.

నీ వేళ్ళ గురించి డాక్టరు ఏమన్నాడో రాయి. ఉన్నదున్నట్టు రాయి.

ఒక సాయం కావాలి. ఆ తీగ లాగమన్నట్టు కాదు. థ్రెల్ఫాల్‌కి ఉత్తరం రాద్దామని పొద్దున్నుంచీ కూచున్నాను. ఇన్ని కాగితాలు చించాను. మొదటిదాంట్లో నార్మన్‌ని తిట్టాను. రెండోదాంట్లో కాడ బొమ్మ గీసి, అది ఎలా తగులుకుందో ఒక పేజీ రాశాను. ఆ మనిషికి చెయ్యి లేకుండా చేసి బొమ్మ పంపడమేంటి? చించేశాను. ఆ తరవాతవి పేరు దగ్గరే ఆగిపోతున్నాయి. చిన్నప్పటి నుంచీ వాణ్ణి వెనకాల "బొగ్గు మొహం" అనడమే గానీ, ఎదురుగా ఏమని పిలవాలో నాకు తెలియదు.

నువ్వైతే ఎలా మొదలుపెడతావు? ఒక్క వాక్యం చెప్పు చాలు. మిగతాది నేను రాసుకుంటాను.

విల్ఫ్